నిర్మల రాసే మాటలు

హిందూపురంలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపే శంకరప్ప దగ్గర నిర్మల డీటీపీ ఆపరేటరుగా చేరినప్పుడు ఆమె పని టైపు కొట్టడం ఒక్కటే. పెళ్లి పత్రికలు, షాపుల కరపత్రాలు, ఆటోకు మైకు కట్టుకొని వీధుల్లో తిరిగేవాళ్లు చదివే ప్రకటనలు. ఎవరో రాసుకొచ్చిన కాయితం పక్కన పెట్టుకొని కంప్యూటర్లో కొట్టాలి, అచ్చుతప్పులు దిద్దాలి, ఇచ్చేయాలి. ఆ కాయితాల్లో మాటలు ఎప్పుడూ అవే. సువర్ణావకాశం, త్వరపడండి, నేడే విచ్చేయండి, సరసమైన ధరలకు లభించును. చెప్పుల షాపుకైనా, పళ్ల డాక్టరుకైనా, కోళ్ల దాణాకైనా అదే పాట. ఏడాది తిరిగేసరికి నిర్మల కాయితం చూడకుండానే సగం కొట్టేయగలిగేది.

ఆమెది పెనుకొండ పక్కనే ఒక పల్లె. నాయన జోసెఫ్ కూలి పనులకు పోయేవాడు. అమ్మ ఎల్లమ్మ ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని పెనుకొండ వీధుల్లో తిరిగి అమ్మేది. నిర్మల చదువంతా ఆ గంప మీద నడిచిందే. చిన్నప్పుడు సెలవు రోజుల్లో అమ్మ వెంట పోయేది కాబట్టి ఎల్లమ్మ ఎట్లా అమ్ముతుందో ఆమెకు బాగా తెలుసు. మిగతావాళ్లు వీధి మొదట్లో నిలబడి కేకలు పెట్టేవాళ్లు. ఎల్లమ్మ కేక పెట్టేది కాదు. గడప ముందు గంప దించి, "ఏమ్మా, నిన్న తీసుకున్న చింతాకు పప్పులో ఏసినావా? మీ ఆయప్ప తిన్న్యాడా?" అని అడిగేది. లోపలి నుంచి జవాబు వచ్చేది. జవాబు వెనకాలే మనిషి వచ్చేది. గోంగూర కాస్త ముదిరితే, "ఇది ఈ పొద్దు పచ్చడికి పనికిరాదు, పులుసులో ఎయ్యి" అని ముందే చెప్పేసేది. కొనేవాళ్లు ఆ మాటకే కొనేవాళ్లు.

ఇదంతా అమ్మకు అలవాటైన సంగతి అనుకుంది నిర్మల. అది ఒక విద్య అని ఆమెకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఒక ఆదివారం చర్చికి పోయివచ్చి ఇంట్లో కూర్చున్నప్పుడు వాళ్ల పల్లెలోకి మైకు ఆటో వచ్చింది. బోరు మోటార్లు రిపేరు చేసే షాపు గురించి. ఆ ప్రకటన ముందు వారం తను కొట్టినదే. "రైతు సోదరులారా, మీ యొక్క మోటార్లకు నాణ్యమైన సేవలు అందించబడును" అంటూ ఆటో ఇంటి ముందు నుంచి పోయింది. ఎల్లమ్మ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తి విని అడిగింది.

"ఆయప్ప ఎవురితో మాట్లాడతాండాడు?"

"మనతోనేమ్మా."

"మనతోనా? మనతో ఎవురన్నా అట్ల మాట్లాడతారా? పక్కింటోళ్ల మోటరు కాలిపోతే నువ్వు అట్లనే చెప్తావా పాపా?"

ఎల్లమ్మ మళ్లీ బియ్యంలో పడింది. నిర్మల మాత్రం ఆ రోజంతా ఆ ప్రశ్న మోసుకు తిరిగింది. తను టైపు కొట్టిన వేల మాటల్లో ఒక్కటైనా ఎవరైనా ఎవరితోనైనా అన్న మాట ఉందా అని వెతుక్కుంది. దొరకలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు పెనుకొండ నుంచి ఓబులమ్మ అనే ఆమె ప్రెస్సుకు వచ్చింది. బస్టాండు వెనకాల కొత్తగా పిండి మర పెట్టింది. కరపత్రం కావాలి. అన్న కొడుకు చేత రాయించుకొచ్చిన కాయితంలో "అత్యాధునిక యంత్రములచే" అని మొదలైంది. శంకరప్ప ఊళ్లో లేడు. నిర్మల కాయితం పక్కన పెట్టి, ఊరికే అడిగింది.

"అక్కా, మరకు కొత్తగా వచ్చినోళ్లకు నువ్వేం చెప్తావు?"

"చెప్పేదానికేముండాది? గింజలు తెచ్చుకోండి, మీ ముందరే ఆడిస్తా, మీ గింజలు మీకే అంటా. ఒకరివి ఇంకొకరి దాంట్లో కలపను. రాగులైతే పొద్దున్నే రాండి అంటా. పొద్దున్నే అయితే మర సల్లగుంటాది, పిండి వేడెక్కదు. వేడెక్కిన పిండితో సంగటి చేస్తే రుచుండదు గదా."

నిర్మల చేతులు అప్పటికే కీబోర్డు మీద ఆడుతున్నాయి. ఓబులమ్మ అన్నది అన్నట్టు కొట్టి, చదివి వినిపించింది. ఓబులమ్మ తన మాటలు తనే విని కాస్త సిగ్గుపడింది. "ఇట్ల వేస్తారా యాడన్నా?" అంది. అయినా వద్దనలేదు.

తెల్లవారి శంకరప్ప వచ్చి ప్రూఫు చూసి కళ్లజోడు తీశాడు. ఆయన కన్నడమూ తెలుగూ రెండూ సమానంగా చదువుకున్న మనిషి, భాష మీద గౌరవం ఉన్నవాడు. "ఇదేం భాషమ్మా? అచ్చులో వేస్తే నవ్వుతారు. దుడ్లు ఇచ్చి నవ్వించుకుంటుందా ఆయమ్మ?" అన్నాడు. ఓబులమ్మ ఇదే కావాలంటోందని నిర్మల చెప్పింది. ఆయన భుజాలెగరేసి అచ్చుకు పంపాడు.

నవ్వారో లేదో తెలియదు. నెల తిరిగేసరికి ఓబులమ్మ మర ముందు తెల్లవారేసరికే రాగుల సంచులు వరసగా కూర్చునేవి. వచ్చినవాళ్లు "మర సల్లగుండాదా అక్కా?" అని అడిగి మరీ గింజలు పోసేవాళ్లు. ఓబులమ్మ ఆ మాట చెప్పడానికే బస్సెక్కి హిందూపురం వచ్చింది. వచ్చి శంకరప్పకు కాకుండా నేరుగా నిర్మలకు చెప్పింది. పక్కన నిలబడి విన్న శంకరప్ప, ఆ మర్నాడు ఒక మందుల షాపు వాళ్లు కరపత్రానికి వస్తే, "లోపల నిర్మలమ్మ ఉండాది, ఆయమ్మకు చెప్పండి" అన్నాడు. అంతవరకు ఆయన నోట ఆమె నిర్మలే, నిర్మలమ్మ కాదు.

అట్లా మొదలైంది. ఎవరు వచ్చినా నిర్మల ముందు వాళ్లను మాట్లాడించేది. మీ దగ్గరకు వచ్చిన మనిషి మొదట ఏం అడుగుతుంది, మీరేం చెప్తారు, ఆమె దేనికి అనుమానపడుతుంది అని అడిగేది. వాళ్లు చెప్పినదాంట్లో పది మాటలు తీసేసి ఒకటి ఉంచేది. రాసినదాన్ని శనివారం ఇంటికి తీసుకుపోయి ఎల్లమ్మ ముందు పైకి చదివేది. ఎల్లమ్మకు చదువు రాదు. కూతురు చదువుతుంటే ఆమె పని ఆపకుండా వినేది. మధ్యలో తలెత్తి కూతురి మొహం చూసిందంటే ఆ మాట దగ్గర ఏదో తేడా కొట్టిందన్నమాట. నిర్మల అక్కడ గీత గీసుకునేది. తలెత్తకుండా మధ్యలో జవాబు చెప్పిందంటే మాత్రం అది అయినట్టే. పళ్ల డాక్టరు ప్రకటన చదివినప్పుడు, "పన్ను పీకేదానికి భయపడి మూడు నెల్లు ఒకే పక్క నమిలి తింటాండావా?" అన్న వాక్యం దగ్గర ఎల్లమ్మ, "అవును పాపా, ఏం చేసేది మరి" అంది. నిర్మల కాయితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

ఏడెనిమిదేళ్లలో హిందూపురం, పెనుకొండ, మడకశిర వీధుల్లో మైకు ఆటోల్లో సగం నిర్మల మాటలే పలికేవి. వాటికి కింద ఎవరి పేరూ ఉండదు. ఉండదని ఆమెకు బాధ లేదు. జోసెఫ్‌కు ఉండేది. పెనుకొండలో టీ అంగడి దగ్గర ఆటో పోతే ఆయన గ్లాసు కింద పెట్టి, పక్కనున్నవాడు ఎవడైనా సరే, "ఇది మా పాప రాసింది" అని చెప్పేవాడు.

ఇట్లా పోతుండగా ఒక శ్రావణ మాసం ముందు హిందూపురంలో చంద్రశేఖర్ అనే వ్యాపారి పెద్ద చీరల షోరూము తెరవబోయాడు. బోర్డులు, కరపత్రాలు, క్యాలెండర్లు, సంచుల మీద అచ్చులు, అన్నీ శంకరప్ప ప్రెస్సుకే ఇచ్చాడు. అంత పెద్ద పని ఆ ప్రెస్సుకు ఎన్నడూ రాలేదు. మైకు మాటలు మాత్రం నిర్మలే రాయాలన్నాడు.

"మగ్గం మీద నుంచి నేరుగా మీ ఇంటికి అన్నట్టుండాలమ్మా. నీ ఇస్టైలులో. నేసేటోళ్లే మాట్లాడినట్టుండాల."

నిర్మల అలవాటు ప్రకారం సరుకు చూడటానికి పోయింది. సురేష్ అనే సేల్స్‌మన్ కట్టలు విప్పి చూపించాడు. చీరలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి. ఏ ఊళ్లో నేశారు, ఎవరు నేశారు అని అడిగితే సురేష్ గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, ఇవన్నీ మరమగ్గాల సరుకని చెప్పాడు. తను ధర్మవరం మనిషి, చేతి నేత చూస్తే తెలుస్తుందన్నాడు.

నిర్మల చంద్రశేఖర్ దగ్గరకే పోయి కూర్చుంది.

"సార్, చీరలు బాగుండాయి. ఇంట్లో ఉతుక్కోవచ్చు, రోజూ కట్టుకోవచ్చు, చిన్న ఉద్యోగాలు చేసే ఆడోళ్లకు సరిగ్గా పనికొస్తాయి. అదే రాస్తా. మగ్గం మాట మాత్రం వద్దు."

"అందరూ రాసుకుంటాండారు గదమ్మా. నువ్వొక్కదానివే వద్దంటావేమి?"

"వాళ్లు రాసేది అచ్చు భాష సార్, ఎవురూ నమ్మరు. నేను రాసేది నమ్ముతారు. అందుకే రాయలేను."

చంద్రశేఖర్‌కు అది అవమానం అనిపించింది. సాయంత్రానికల్లా పని మొత్తం వేరే ప్రెస్సుకు మార్చేశాడు. శంకరప్ప చాలాసేపు ఖాళీ మిషను ముందు కూర్చున్నాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకొని ఉంటే నిర్మలకు సులువుగా ఉండేది.

"ఎవురో ఒకరు రాస్తారు గదమ్మా. నువ్వు రాయకుంటే ఆగుతాదా?" అని మెల్లగా అడిగాడు.

"ఆగదు సార్. కాని దాన్ని నేను మా అమ్మ ముందర చదవలేను."

ఆయన పది రోజులు ఇంటి దగ్గర ఉండి రమ్మన్నాడు. అది సెలవో, ఉద్వాసనో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆ పది రోజుల్లో ఏడో రోజు పల్లెలో వాళ్ల ఇంటికి ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. ఒకాయన ఆదినారాయణ, ధర్మవరంలో పన్నెండు నేత కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘానికి పెద్ద. రెండో మనిషి నీలావతి, యాభై దగ్గర పడిన నేతగత్తె, సేల్స్‌మన్ సురేష్‌కు మేనత్త. షోరూములో జరిగినదంతా సురేష్ ఆమెకు చెప్పాడు. మధ్యవాళ్లు లేకుండా సంఘమే సొంతంగా అంగడి తెరుస్తోంది, దాని గురించి హిందూపురం, పెనుకొండ, మడకశిర మూడు ఊళ్లలోనూ చెప్పాలి. బెంగళూరులో ఎవరో తెలిసినవాళ్ల చేత రాయించిన మాటలు ఆదినారాయణ జేబులో ఉన్నాయి. "పట్టు దారాల పరవశం, తరతరాల వైభవం" అని ఉంది అందులో.

"చదివితే బాగుండాదమ్మా. కాని అది మేం కాదు అనిపిస్తాది," అంది నీలావతి.

నిర్మల మర్నాడే ధర్మవరం పోయింది. రెండు రోజులు నీలావతి మగ్గం పక్కన పీట వేసుకొని కూర్చుంది. ప్రశ్నలు అడగలేదు. వచ్చేపోయేవాళ్లతో నీలావతి ఏం మాట్లాడుతుందో విన్నది. రెండో రోజు మధ్యాహ్నం బత్తలపల్లి నుంచి ఒక తల్లీ కూతురూ చీర చూడటానికి వచ్చారు. కూతురు అంచు వెలుతురుకు పట్టి, "ఇదేమి, అంచు పొడుగునా చిల్లులుండాయి? డ్యామేజీ పీసా?" అంది. నీలావతి తల వంచుకొని, "లేదు తల్లీ, నేసేటప్పుడు పడతాయి, కట్టుకుంటే కనపడవు" అని నెమ్మదిగా చెప్పింది. వాళ్లు ఇంకోసారి వస్తామని పోయారు.

వాళ్లు పోయాక నిర్మల ఆ గుర్తుల గురించి అడిగింది. నీలావతి మగ్గం మీద అడ్డంగా బిగించిన పుల్ల చూపించింది. దాని రెండు కొసలకూ సన్నటి సూదులున్నాయి. నేసేకొద్దీ బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా ఆ పుల్ల సాగదీసి పట్టుకుంటుంది. కాస్త నేయగానే దాన్ని పీకి, ముందుకు జరిపి, మళ్లీ గుచ్చాలి.

"చీరకు ఎన్నిసార్లు జరుపుతావక్కా?"

"ఎవురు లెక్కపెట్టినారు? చెయ్యి దానంతట అదే పోతాది. ఆ గుర్తులు చూపిచ్చి శానామంది ధర తగ్గిచ్చమంటారు. మాకు అదే సిగ్గు. మా నాయన కాలం నుంచీ ఇదే సిగ్గు."

నిర్మల ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉండిపోయి, తెల్లారి ఒక పేజీ రాసింది. సంఘం వాళ్లందరూ ఆదినారాయణ ఇంటి వసారాలో కూర్చున్నారు. నిర్మల చదివింది.

"అక్కా, నేను నీలావతిని. ధర్మవరంలో మగ్గం నేస్తా. మా చీర అంచులో సన్నగా సూదులు గుచ్చిన గుర్తులుంటాయి. డ్యామేజీ అనుకుంటాండావేమో. కాదక్కా. బట్ట ముడుసుకోకుండా ఒక పుల్ల గుచ్చి పట్టుకుంటాం. బెత్తెడు నేసి పుల్ల జరుపుతాం, మళ్ళా గుచ్చుతాం. ఒక్కో గుర్తు కాడ నేను ఒకసారి చెయ్యి ఆపినట్ల. ఉట్టి గుర్తులు సూసే నమ్మొద్దు, మర నేతలో గూడా పడొచ్చు. మా ఇంటికే రా. మగ్గం ఈడనే ఉండాది. కొనకున్నా పర్వాలేదు. కూచోని సూడు, కాఫీ తాగి పో."

ఆదినారాయణ మొదట నోరు విప్పాడు.

"ఇన్నేండ్లు దాచుకున్న తప్పును మైకు పెట్టి చెప్పుకోవాల్నా మేము?"

"తప్పు కాదు గదా సార్. తప్పని వాళ్లంటాండారు, మీరు ఊరుకుంటాండారు. అంతే."

"పైగా మర నేతలో గూడా పడొచ్చని మనమే చెప్పేదా?"

"నిజమే గదా? ఆ ఒక్క మాట ఉంటేనే మిగతాది నమ్ముతారు."

ఆయన నీలావతి వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "మా నాయన వినింటే బాగుండు," అంది. ఆ మాటతో సంఘం ఒప్పుకుంది.

మైకులో గొంతు కూడా నీలావతిదే కావాలని నిర్మల పట్టుబట్టింది. నా గొంతు బొంగురని, ఊళ్లన్నీ వింటాయని నీలావతి మొదట ఒప్పుకోలేదు. హిందూపురంలో శంకరప్ప ప్రెస్సు పైగదిలో రికార్డింగు జరిగింది. నిర్మల ఫోన్ చేసి విషయం చెప్పగానే ఆయనే గది ఊడ్పించి, వీధి చప్పుడు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టించాడు. నీలావతి కాయితం పట్టుకోగానే బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది. నాలుగుసార్లు చదివినా అంతే. నిర్మల కాయితం లాగేసుకుంది. "ఆ పొద్దు బత్తలపల్లి పాపకు సరిగ్గా జవాబు చెప్పలేదు గదక్కా నువ్వు. ఇప్పుడు నేనే ఆ పాపననుకో. చెప్పు" అంది. నీలావతి ఆమె మొహంలోకి చూసి మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట దగ్గింది. నిర్మల ఆ దగ్గును తీసేయనీయలేదు.

శంకరప్ప మెట్ల మీద నిలబడి మొత్తం విన్నాడు. "సోమవారం నుంచి వచ్చేయమ్మా," అన్నాడు. కాస్త ఆగి, "నీకు ఒక రూము ఇస్తా. టైపు కొట్టేదానికి వేరే పాపను పెట్టుకుందాం" అన్నాడు.

శ్రావణ మాసంలో ఆటోలు మూడు ఊళ్లలోనూ తిరిగాయి. మొదటి వారం వచ్చినవాళ్లలో చాలామంది చీర కొనడానికి రాలేదు, మగ్గం చూడటానికే వచ్చారు. నీలావతి పుల్ల పీకి చూపించేది, గుచ్చి చూపించేది. వచ్చినవాళ్లు వేలితో గుర్తులు తడిమేవాళ్లు. పన్నెండు ఇళ్లలోనూ కాఫీ పొయ్యి ఆరలేదు. మెల్లగా చీరలు కదిలాయి. మాసం చివరికి అంగట్లో అరలు ఖాళీ అయ్యి, పండక్కి కావాల్సినవాళ్లు పేరు రాయించుకొని పోయారు. ధర తగ్గించమని అంచు చూపించినవాళ్లు ఒక్కరూ లేరని ఆదినారాయణ ఫోన్ చేసి చెప్పాడు.

ఆ తర్వాత ఒకరోజు నిర్మల ధర్మవరం నుంచి బస్సులో వస్తోంది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు. కిటికీ పక్కనామె కొత్త చీర అంచు పక్కనామె ఒళ్లో పరిచి చూపిస్తోంది.

"ఇదో, ఈ గుర్తులు. ఒక్కో గుర్తు కాడ ఆయమ్మ ఒకసారి చెయ్యి ఆపినట్లంట."

"ఎవురు చెప్పినారు?"

"నీలావతక్క. మైకులో వస్తాది సూడు, ఆయమ్మ."

నిర్మల ఉండబట్టలేక ముందుకు వంగింది. "ఆ మాటలు రాసింది నేనేనక్కా," అంది.

కిటికీ పక్కనామె వెనక్కి తిరిగి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "రాసేదేంది పాపా? ఆయమ్మ మాట్లాడింది గదా. రాసిన మాటలు అట్లుంటాయా?" అని నవ్వి మళ్లీ ముందుకు తిరిగింది.

నిర్మల సీట్లో వెనక్కి వాలింది. తన పనికి ఇంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వబోరు కూడా. మొహంలో నవ్వు దాచుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. పెనుకొండ దాటి హిందూపురం చేరేదాకా ఆ నవ్వు పోలేదు.

ప్రెస్సులో ఆమె గది ముందు బెంచీ మీద రొళ్ల నుంచి వచ్చిన ఆదిలక్ష్మమ్మ కూర్చొని ఉంది. ఊళ్లో ఆడవాళ్లు కలిసి చింతపండు శుభ్రం చేసి అమ్ముతున్నారట. "మీ ఆదరాభిమానములు కోరుచు" అని మొదలైన కాయితం ఒకటి ఆమె చేతిలో నలుగుతోంది. నిర్మల ఆమెను లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఆ కాయితం బల్ల మీద బోర్లించింది.

"మీ పక్కింటామెకు ఈ చింతపండు ఇచ్చేటప్పుడు ఏం చెప్తావమ్మా?"

ఆదిలక్ష్మమ్మ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. "ఏం చెప్తాను? గింజ ఒకటి రెండు మిగిలింటాయి, సూసుకో అని చెప్తా," అంది.

నిర్మల కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఆ, చెప్పమ్మా. ఇంకా?"